చింతపండు పెట్టిన కిరీటం

జీవరాజు భూతద్దాన్ని కుడికంటికి బిగించుకుని చేతిలోని టోపీ బిళ్ళను తిప్పేసరికి గొంతులో బూతొకటి లేచింది. లూథరన్ చర్చి పెద్దల్లో ఒకడు కాబట్టి దాన్ని టీతో పాటు మింగేశాడు.

రాజమండ్రిలో కుక్కుటేశ్వరరావు పాత ఇత్తడి కొట్టు వెనకగదిలో ఒక ముక్కాలిపీట ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా జీవరాజు దాని మీదే కూర్చుంటున్నాడు. పాతకాలపు సిపాయిల టోపీ బిళ్ళలు ఏ పటాలానివో, ఏ కాలానివో తేల్చి, చీటీ రాసి దారంతో కట్టడం అతని పని. కిరీటం కమ్ములు నడుమ కుంగితే విక్టోరియా రాణి నాటిది, గుమ్మటంలా ఉబ్బితే తరవాతి రాజులది. అతని చీటీ ఉంటే సేకరించేవాళ్ళు బిళ్ళను మళ్ళీ తిప్పి చూడరు. దోమ చెవికి కమ్మలున్నాయో లేదో కూడా చెప్పగలడని కోటిపల్లి బస్టాండు దాకా పేరు. ఉన్నాయని ఒకసారి చెప్పాడు కూడానట.

యజమానితో అతనికి భార్య హెలెన్ పోయిననాడే చెడింది. ఆమె శవప్పెట్టెకు మేకులు కొడుతుంటే ఫోను చేసి, "ఆ ఏనుగు బిళ్ళ ఏ సంవత్సరందోయ్?" అని అడిగిన మనిషి కుక్కుటేశ్వరరావు. జీవరాజు సంవత్సరం చెప్పాడు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పని మాటలే. ఆ మాటలూ తిట్లే.

ఈ రాణి కిరీటం బిళ్ళ పోయిన నెల కొవ్వూరు తుక్కులో చెంబుల అడుగున దొరికింది. జన్మకొకటి దొరికే సరుకు. నూరేళ్ళ నలుపే దానికి సాక్ష్యం. నిన్న ఆ నలుపుతోనే దాచి వెళ్ళాడు. ఇవాళ అది దీపపు కుందిలా తళతళలాడుతోంది.

"ఏం చేశారండీ దీన్ని?" అని గుమ్మంలో నిలబడ్డ కుక్కుటేశ్వరరావుని అడిగాడు.

"మా అమ్మాయి కన్యక చేత చింతపండు పెట్టి తోమించాను. మూడింటికి సుకుమార్ గారు కొనడానికొస్తున్నారు. మురికిది చేతిలో పెడతామా?"

"వయసంతా తూములోకి పోయిందండి. ఇప్పుడిది తిరణాల బొమ్మ."

"నీ చీటీ ఉంటే చాల్లే. రాయి."

"నకిలీ అని రాస్తే?"

"రాసి చూడు. పీటతో సహా గోదాట్లో పారేస్తాను."

"పీట తేలుతుందండి."

కుక్కుటేశ్వరరావు తలుపు ధడాలున వేసి వెళ్ళాడు.

మూడే అక్షరాలు. రాస్తే కాదనేవాడు ఈ జిల్లాలో లేడు. హెలెన్ పోయిననాటి కసి తీరిపోతుంది. పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోంది. జీవరాజు దాన్నీ ఒక తిట్టు తిట్టి, బిళ్ళను బోర్లించాడు. వెనక కొక్కెం మొదట్లో, చింతపండు చొరలేని చోట, వెంట్రుకంత నలుపు మిగిలింది. చాలాసేపు చూశాడు. రాశాడు. దారానికి రెండు ముళ్ళు వేశాడు. బల్ల మీద తల వాల్చాడు.

"పార్టీ వచ్చారు, లెగవోయ్! ఇది నిద్రపోయే వేళా?"

కుక్కుటేశ్వరరావు భుజం కుదిపి, ఊపిరి లేదని తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వెనకే వచ్చిన సుకుమార్ చెప్పులు విప్పి ఒక్క నిమిషం నిలబడ్డాడు. మెరుస్తున్న బిళ్ళను చూసి మొహం చిట్లించాడు. చీటీ అందుకుని మెల్లగా చదివాడు.

"అసలుది. రాణి నాటిది. కొక్కెం మొదట్లో నలుపు చూసుకోండి. చింతపండు తెలివి మాత్రం యజమానిది."

చీటీ విప్పేద్దామని ముడి మీదికి పోయిన కుక్కుటేశ్వరరావు వేళ్ళు ఆగిపోయాయి.

"ఇవాళ వద్దండి, తరవాత వచ్చి తీసుకుంటాను," అన్నాడు సుకుమార్. "చీటీ లేకపోతే మాత్రం నాకొద్దు."

బల్ల మీద కిరీటం మెరుస్తోంది. రెండు ముళ్ళ చీటీ ఫ్యాను గాలికి ఇటూ అటూ తిరిగి, రాత కనబడే వైపే ఆగింది.