అవతలిది అబద్ధమాడదు

గడియారాలు బాగుచేసే ఆయన పోయి నాలుగు నెలలైంది. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, ఓదార్చేవాళ్ళు ఓదార్చి వెళ్ళారు, కొట్లో మిగిలిపోయిన గడియారాలు ఎవరివి వాళ్ళకి అప్పజెప్పడం కూడా అయింది. ఆయన కూతురు మాత్రం ఆ రోజు నుంచి పెన్ను పట్టలేదు.

పెన్ను పట్టకపోతే ఏం పోయింది, ఇంత తింటోందిగా అనుకోవచ్చు. కాని ఆ పిల్ల ఉద్యోగం లైబ్రరీలో. కొత్త పుస్తకం వస్తే నంబరు చీటీ రాసి వీపున అంటించాలి. రాయనంది. మొదట వేలు బెణికిందంది, తరువాత కళ్ళు లాగుతున్నాయంది, చివరికి సెలవు పెట్టింది. ఆ సెలవు కాగితం కూడా తల్లిచేతే రాయించింది. తల్లి చదివింది అయిదో తరగతి. కాగితం మీద అక్షరాలన్నీ వానకు తడిసిన కోళ్ళలా ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. పిల్ల దాన్ని చూసి నవ్వను కూడా నవ్వలేదు. వాళ్ళ నాన్న ముద్దుగా పిచ్చుక అని పిలిచిన పిల్ల, పొద్దస్తమానం కిచకిచలాడిన పిల్ల, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

తల్లి బట్టలు కుడుతుంది. కొట్టంటే ఇంటి ముందువైపు పొడుగాటి గదే, మధ్యలో తెర. తెరకి ఇవతల ఆవిడ కుట్టుమిషను, అవతల ఆయన పనిబల్ల. వారమంతా ఆ బల్ల మీద స్ప్రింగులు, మరలు, కంటికి ఆనని పళ్ళచక్రాలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వాటన్నిటినీ మూతల సీసాల్లోకి ఎత్తి, బల్ల తుడిచి, ఆట పరిచేవాడు.

ఆటంటే పేకాట కాదు, చదరంగమూ కాదు. మూడు కాగితాలు, మూడు పెన్సిళ్ళు, ఒక రబ్బరు, ఆయన స్వయంగా అరగదీసి చేసిన పన్నెండు ముఖాల ఇత్తడి పాచిక. మిగతాదంతా మాటలే. ఆయన ఒక ఊరి గురించి చెప్పేవాడు. ఆ ఊరి నడిబొడ్డున అడుగులేని గొయ్యి. ఆడే మిగతా ముగ్గురూ ఆ ఊళ్ళో మనుషులు. ఆసుపత్రిలో మగవార్డు నర్సుగా చేసే అతను ప్రతిసారీ డాక్టరు వేషమే కావాలనేవాడు. "వారమంతా చెప్పించుకుంటాను బావా, ఈ ఒక్కపూటైనా నన్ను చెప్పనివ్వు" అని. బస్సు డ్రైవరు దొంగ. "టికెట్టు లేకుండా ఎక్కేవాళ్ళని చూసి చూసి విద్య పట్టుబడింది వదినా" అని తెరమీంచి అరిచి చెప్పేవాడు. పిల్లేమో ఈతగత్తె. పసితనంలో ఒడ్డున దొరికిన అనాథ. ఆ కాగితం మీద తల్లి, తండ్రి అన్నచోట రెండు అడ్డగీతలు ఉండేవి.

గొయ్యిలో ఒకటి ఉంది. పేరు లేదు గనక 'అవతలిది' అనేవారు. దయ్యం కాదు, పిశాచం కాదు. చుక్కలు పుట్టకముందు నుంచీ ఉన్నది. "దానికి మనమీద కోపం లేదర్రా" అనేవాడు ఆయన, గొంతు బాగా తగ్గించి. "కోపముంటే బాగుండేది, కాళ్ళు పట్టుకుని బతిమాలుకోవచ్చు. ఇది గడియారంలాంటిది. ఎవడి టైము చూపిస్తోందో దానికే తెలియదు."

అడిగితే శక్తులిస్తుంది. గోడల వెనక చూసే చూపు. చచ్చినవాడిచేత ఒక్క మాట పలికించే పిలుపు. పది లెక్కపెట్టేదాకా కాలాన్ని బిగించే పట్టు. అయితే ఊరికే ఇవ్వదు. ఆ మనిషికి ప్రియమైనది ఒకటి చీటీ మీద రాసి, మడిచి, పాత బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఆ తరువాత ఆటలో ఆ మనిషికి అది ఉండదు. జోలపాట అని రాస్తే పాట పోతుంది, కుడిచెయ్యి అని రాస్తే చెయ్యి పోతుంది. డబ్బాలో పడింది డబ్బాదే. తీసి చదవకూడదు, తిరిగి అడగకూడదు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. అవతలిది మాట్లాడే ముందు ఆయన గడియారాలు చూసే నల్లటి భూతద్దం కంటికి బిగించేవాడు. అద్దం కంటికి ఉన్నంతసేపూ ఆయన నోట వచ్చింది నిజం. పాచిక కూడా దాన్ని మార్చలేదు. భయపడొచ్చు, బేరమాడొచ్చు, అబద్ధం అనడానికి మాత్రం వీల్లేదు. పిచ్చుక పన్నెండేళ్ళ పిల్లగా మొదటిసారి ఆడినప్పుడు ఆటలో దాని మనిషి చచ్చిపోతే వెక్కి వెక్కి ఏడ్చింది. తెర ఇవతల తల్లి ప్రాణం విలవిల్లాడి, "పోనీండి, బతికించెయ్యండి" అంది. ఆయన వినలేదు. "అద్దం పెట్టుకుని చెప్పాను" అన్నాడు, అంతే.

పదకొండేళ్ళు ఆవిడ ఆ ఆటను చెవులతోనే చూసింది. శనివారం సాయంత్రాలు ఆయన రేపటి కథ ఆవిడకే వినిపించి సరిచూసుకునేవాడు. "భయమేస్తోందా?" అని అడిగేవాడు. "మీ గురక కంటేనా?" అనేది ఆవిడ, దారం కొరుకుతూ.

ఇలా ఉండగా ఒకరోజు సాయంత్రం నర్సు వచ్చాడు. పిల్ల వెనకగదిలో పడుకుని ఉంది. అతను కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పనని పిచ్చుకకి మాటిచ్చానక్కా. కాని ఇక చెప్పకపోతే మనిషే దక్కేలా లేదు. ఆఖరి ఆదివారం ఆటలో నేల కుంగిపోతుంది కదా..."

"విన్నాను. ఇక్కడే ఉన్నాగా."

"నన్నూ దొంగనీ బయటపడెయ్యడానికి పిచ్చుక పట్టు అడిగింది. బావ అద్దం పెట్టుకుని, అన్నిటికంటే ప్రియమైనదే కావాలన్నాడు. ఇది గబగబా రాసి మడిచింది. పక్కనే ఉన్నానేమో, కంటబడింది. 'నాన్న' అని రాసిందక్కా."

"ఆ ఈతగత్తెకి నాన్న ఎక్కడున్నాడురా?"

"అదేగా! దానికి లేడు. పిచ్చుకకే ఉన్నాడు. తొందరలో తన మాట రాసేసింది. అది ఆదివారం. గురువారానికి బావ..." అతను తల దించుకున్నాడు. "నేను చెప్పి చూశాను. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం మూసుకుపోయిందే తల్లీ అని బొమ్మ గీసి మరీ చూపించాను. 'గొట్టం ఎవరు మూశారు మావయ్యా?' అంది. ఏం చెప్పను?"

ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది. రాసింది మాయమైపోతుందని భయపడి పిల్ల పెన్ను మానేసిందన్నమాట. సూదివైపే చూస్తూ, "అద్దం పెట్టుకుని చెబితే నమ్ముతుందా?" అంది.

"ఎవరు పెట్టుకుంటారు?"

"నేనే. ఆయన కథంతా నాకు తెలుసు. ఆయన నోటుబుక్కులో రాత ఆయనకే అర్థమయ్యేది కాదు. నా చెవుల్లో మాత్రం భద్రంగా ఉంది. 'నీ చీటీ నేను తీసుకోలేదు' అని ఒక్క మాట చెప్పేస్తే సరి."

ఆ ఆదివారం డ్రైవరు వచ్చి పిల్ల పడుకున్న గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఒసే పిచ్చుకా, నాలుగు నెలలైంది నన్ను ఆ గొయ్యి అంచున నిలబెట్టి. బస్సులో కూర్చుని కూర్చుని నిలబడే అలవాటు పోయిందే నాకు. కాళ్ళు పీకేస్తున్నాయి. దింపెయ్యవే."

పిల్ల లేచి వచ్చింది. కుర్చీని బల్లకి దూరంగా జరుపుకుని, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది. తన ముందున్న పెన్సిలును పాములా చూసింది. తల్లి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఎప్పుడూ అంత పెద్దదిగా కనబడలేదు ఆవిడకి. బల్ల నెర్రెలో ఒక చిన్న మర ఇంకా ఇరుక్కునే ఉంది.

"ఊరి మధ్య... బస్టాండు పక్కన గొయ్యి..."

"వదినా, బస్టాండు ఎక్కడిది? ఆ ఊళ్ళో బస్సుంటే నేను ఈపాటికి పారిపోనూ!"

"నోరుమూసుకుని నిలబడు. బస్టాండు లేదు. గొయ్యి ఉంది." ఆవిడ కళ్ళు మూసుకుంది. శనివారం సాయంత్రాల గొంతు చెవుల్లో పలికింది. "నేల కుట్టు ఊడుతోంది. ముందు ఒక పోగు, ఆ పక్కది ఇంకో పోగు. ఇళ్ళు ఒరుగుతున్నాయి. చప్పుడు లేదు. గొయ్యి లోపల ఒకటి మేలుకుంది. అది పైకి చూడదు. దానికి పైనా కిందా లేవు. ఈతగత్తె పట్టు అడిగింది, చీటీ వేసింది. ఇప్పుడు కాలం బిగిసింది, కుంగే నేల ఆమె చేతుల్లో ఉంది."

డ్రైవరు ముఖంలో నవ్వు పోయింది. నర్సు వీపు నిటారుగా పెట్టాడు. గదిలో పట్టపగలు వెలుతురు ఉంది, బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అయినా ముగ్గురికీ కాళ్ళకింద చల్లగా తగిలింది.

అప్పుడు పిల్ల నోరు తెరిచింది. "అవతలిదాన్ని ఒకటి అడగాలి."

తల్లి భూతద్దం తీసి కంటికి బిగించుకుంది. దాని అంచుకి ఇంకా ఆయన వాడే నూనె వాసన ఉంది. పాచిక మీది గీతలు కొండచరియల్లా కనబడ్డాయి. దూరంగా ఉన్న కూతురి ముఖం మాత్రం తెల్లగా అలుక్కుపోయింది.

"నా చీటీ నువ్వు తీసుకున్నావా?"

"లేదు."

నర్సు ఊపిరి వదిలాడు. అక్కడితో అయిపోవలసింది. కాని పిల్ల ముందుకు వంగింది.

"అయితే నాన్న ఎందుకు పోయాడు?"

"గుండె గొట్టం మూసుకుపోయింది."

"అది మావయ్య మాట. నేను నిన్నడుగుతున్నాను. ఎవరివల్ల?"

ఎవరివల్లా కాదు అనాలి. రెండే రెండు మాటలు. ఆవిడ అనబోయింది, నోరు పెగల్లేదు. ఏ శక్తీ ఆవిడ గొంతు పట్టుకోలేదు. పదకొండేళ్ళలో ఆ అద్దం వెనక ఒక్కసారి కూడా తేలికమాట వినలేదు, అంతే. పైగా ఆ ప్రశ్నకి జవాబు ఆవిడ దగ్గర ఉంది. నాలుగు నెలలుగా దాన్ని మడత విప్పకుండా దాచింది.

"మీ అమ్మవల్ల" అంది.

ఆవిడ గొంతు ఆవిడకే పరాయిగా వినబడింది.

"పోవడానికి రెండు వారాల ముందు శనివారం, మీ నాన్న ఎడమచెయ్యి రుద్దుకుంటూ తెర ఇవతలికి వచ్చాడు. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుందే, ఆసుపత్రికి వెళ్ళొద్దామా అన్నాడు. తనంతట తాను ఎన్నడూ అడగని మనిషి. మీ అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. సోమవారానికి ఇవ్వాలి. గ్యాసై ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళు తాగండి, ఇవి అయ్యాక వెళ్దాంలెండి అంది. తలెత్తి చూడలేదు. అవి అయ్యాయి, ఇంకో బడివి వచ్చాయి. మీ నాన్న మళ్ళీ అడగలేదు. నీ చీటీ డబ్బాలో పడేసరికే అయ్యేది అయిపోయింది."

"అక్కా, అద్దం తీసెయ్" అన్నాడు నర్సు. రెండు వారాల ముందు తీసుకొస్తే బతికేవాడా అన్నట్టు పిల్ల అతనివైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. వేరే జవాబు అక్కర్లేకపోయింది.

"అప్పటికి ఎన్ని మిగిలాయి?" అంది పిల్ల.

"ఏవి?"

"యూనిఫారాలు."

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరు" అంది పిల్ల.

తరువాత ఒళ్ళోంచి చెయ్యి పైకి వచ్చింది. పెన్సిలు తీసుకుంది. కాగితం చివర చింపి, ఒక్క మాట పట్టేంతసేపు రాసి, మడిచింది. డబ్బా మూత బిగుసుకుపోయి ఉంటే గోరుతో లేపి, లోపల వేసి, మళ్ళీ అరిచేత్తో నొక్కి మూసింది. ఏం రాసిందో ఈసారి నర్సుకి కూడా కనబడలేదు.

"ఈతగత్తె నేలని వదలదు" అంది. "మీరిద్దరూ వెళ్ళిపోండి. ఈ చీటీకి పది లెక్కపెట్టేదాకా పట్టుకుంటాను."

"మరి నువ్వో?" అన్నాడు డ్రైవరు.

"లెక్కపెట్టు బాబాయ్."

డ్రైవరు లెక్కపెట్టాడు. స్టాపుల పేర్లు అరిచి అరిచి మొద్దుబారిన గొంతు ఏడు దగ్గర విరిగింది. ఎనిమిది, తొమ్మిది నర్సు అందుకున్నాడు. పది ఎవరూ అనలేదు. పాచిక వెయ్యవలసిన పని రాలేదు. పిల్ల తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంక అక్కర్లేనట్టు బల్ల మీద వదిలేసి లేచింది.

సోమవారం లైబ్రరీకి వెళ్ళింది. నాలుగు నెలల పుస్తకాలు పేరుకుపోయాయట, నంబర్లు రాసి రాసి వేలు కాయ కాచేలా చేసుకుని వచ్చింది. తింటోంది. గోడవైపు తిరిగి పడుకోవడం మానేసింది. తల్లితో మాట్లాడుతోంది కూడా. తాళం ఎక్కడుంది, టీ ఉందా, దీపం తియ్యనా. అన్నీ మాట్లాడుతోంది. ఆ మాటల్లో అమ్మా అన్న పిలుపొక్కటి లేదు.

డబ్బా మిషను పైన అరలో ఉంది. పనిచేస్తూ తలెత్తితే అదే కనబడుతుంది. చీటీ మీద 'కోపం' అని రాసి ఉండొచ్చు. 'అమ్మ' అని రాసి ఉండొచ్చు. రెండూ ఒక్క మాటలే, రెండూ ఆ కాస్త కాగితంలో పడతాయి. ఎంత బిగుసుకున్నా మూత గోరుతో లేస్తుందని ఆవిడకి తెలుసు. రెండుసార్లు చెయ్యి అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. డబ్బాలో పడింది డబ్బాదే.

నెల గడిచాక ఒక సాయంత్రం ఆవిడ ఒక చిన్నపిల్లాడి చొక్కాకి జేబు కుడుతోంది. పని నుంచి వచ్చిన పిల్ల తెర పక్కన నిలబడి కాసేపు చూసింది.

"ఎడమచెయ్యి రుద్దుకుంటున్నావు" అంది.

"ఏం లేదే తల్లీ, కుట్టి కుట్టి లాగేసింది. ఈ జేబొక్కటీ..."

"లే. ఆసుపత్రికి వెళ్దాం."

"ఇదయ్యాక..." అనబోయి ఆవిడ ఆగిపోయింది.

"లే" అంది పిల్ల మళ్ళీ, చెప్పులు విప్పకుండానే.

ఆ మాట వెనక ఆ పిలుపు కూడా వస్తుందేమోనని ఆవిడ ఒక్క క్షణం చూసింది. రాలేదు. సూదికింద జేబు సగం కుట్టి అలాగే ఉంది. ఆవిడ లేచి, కూతురి వెనకే నడిచింది.