పొయ్యి మీది సాక్ష్యం

పొద్దున్నే లేచి పెద్ద గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టడం పదకొండేళ్లుగా ఆమె మొదటి పని. మరగకాచి, చల్లార్చి, వడకట్టి బిందె నింపితే ఇంటిల్లిపాదీ తాగుతారు. బిందెలో నీళ్లు వాటంతటవే ఊరుతున్నాయనుకునే మనిషి ఆమె భర్త. ఊరడం ఆగిననాడు మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు.

ఆయన ఆ వార్డుకి కౌన్సిలరు. ఆమె నీళ్లు పరీక్షించే లాబ్‌లో ఉద్యోగి. వార్డులో పిల్లలు వరసగా విరేచనాలతో మంచాన పడుతుంటే, మూడు వీధుల కుళాయి నీళ్లు పరీక్షించి, మురుగు కలుస్తోందని రిపోర్టు రాసి సంతకం పెట్టింది.

మర్నాడు వార్డు సభలో ఆయన మైకు అందుకున్నాడు. అది లాబ్ వాళ్ల అభిప్రాయమట. ఆయన అభిప్రాయంలో ఆ నీళ్లు అమృతమట. "పదకొండేళ్లుగా మా ఇంట్లో ఈ నీళ్లే తాగుతున్నాం. ఒక్కరికైనా కడుపునొప్పి వచ్చిందా?" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలో కూర్చున్న ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన చూపిస్తున్న సాక్ష్యం రోజూ తన పొయ్యి మీద మరిగిందే. తన చాకిరీతోనే తన రిపోర్టుని కొట్టిపారేస్తున్నాడని ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే రిపోర్టు వెనక్కి తీసుకోమన్నాడు. ఎవరి అభిప్రాయం వాళ్లది, నువ్వు కాస్త తగ్గితే నీ సొమ్మేం పోతుందన్నాడు. మగవాడు నలుగురిలో అన్న మాటని ఇంటి ఆడది కాదనకూడదని అత్తగారు వంత పాడింది.

తెల్లారింది. ఆయన్ని మెచ్చుకోవడానికి అనుచరులు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఆయన మంచినీళ్లు అడిగాడు. ఆమె గ్లాసు తెచ్చిచ్చింది. ఆయన నోటిదాకా ఎత్తి ఆగాడు.

"ఇదేంటి, వాసనొస్తోంది?"

"కుళాయి నీళ్లేనండీ. ఇన్నాళ్లూ కాచి పోశాను. ఇవాళ కాయలేదు. తాగండి, అమృతమేగా."

అనుచరులు నేల చూపులు చూశారు. ఆయన గ్లాసు వంక చూశాడు, వాళ్ల వంక చూశాడు, మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నాకు మాత్రం కాచినవే ఇవ్వు. అభిప్రాయాలు అరిగే వయసు కాదు నాది."

ఆమె బ్యాగు భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"పొయ్యి ఎక్కడుందో మీ అబ్బాయికి చూపించండి అత్తయ్యా. ఇంకా నాలుగు వీధుల కుళాయిలున్నాయి, నేను వెళ్లాలి."