పీల్చమన్నాక చెప్పాల్సిన మాట

మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద కూర్చున్న అంజయ్య గౌడ్ మెల్లగా గాలిలోకి లేచి, ఫ్యానును తప్పించుకుని, కప్పు కింద ఆగుతాడు. చొక్కా ఇంకా మెడ దాకా ఎత్తే ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఆయన వీపు మీది నుంచి స్టెతస్కోపు ఎప్పుడో జారిపోయినా, సంయుక్త మాత్రం గొట్టంలో మిగిలిన చప్పుడునే కళ్ళు మూసుకుని వింటూ ఉంటుంది.

ఆ పిల్ల తప్పేమీ లేదని నేననను. కానీ హౌస్ సర్జన్‌గా వార్డులో ఇవాళే ఆమె మొదటి రోజు. ఇన్నేళ్ళూ పుస్తకంలో చదువుకున్న చిటపట చప్పుడు, నిజం మనిషి ఊపిరితిత్తుల అడుగు నుంచి ఎండుటాకులు నలిగినట్టు వినిపించేసరికి ఆమెకు ఒళ్ళు తెలియలేదు. "ఉంది, ఉంది" అని తనలో తను గొణుక్కుంటోంది. పరుగెత్తుకెళ్ళి ఎవరికైనా చెప్పాలని ఉంది.

"బిడ్డా," అంటుంది అంజయ్య భార్య ఐలవ్వ. "దమ్ము గుంజుమన్నవ్, గుంజిండు. మల్ల ఇడువుమనలే గద."

సంయుక్త కళ్ళు తెరిచి, మంచం చూసి, కప్పు చూసి, నాలుక కరుచుకుంటుంది.

"తాటిచెట్లెక్కేటోడు, ఎత్తుకేం భయపడడు," అంటుంది ఐలవ్వ. "దమ్ముకే నా భయం. డాక్టర్లు ఎట్ల చెప్తె అట్ల జేస్తడు. మొకం జూడు, ఎట్ల నల్లవడ్తున్నదో."

"వదలండి," అంటుంది సంయుక్త పైకి చూసి. ఆ మాట ఫ్యాను దాకా వెళ్ళి, రెక్కలకు తగిలి వార్డంతా చెదిరిపోతుంది. మిగతా మంచాల మీదివాళ్ళంతా బుద్ధిగా ఊపిరి వదులుతారు. అంజయ్య గౌడ్‌కు మాత్రం వినపడదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లకు ఎలా నేర్పితే బాగా వస్తుందో తేల్చడానికి ఈ ఆసుపత్రిలో రెండు పద్ధతులు పోల్చి చూస్తున్నారు. సగం మంది పురుషోత్తం సార్ దగ్గర రబ్బరు బొమ్మల మీద నేర్చుకుంటారు. సగం మంది జహనారా మేడం దగ్గర తామే రోగులై పడుకుని నేర్చుకుంటారు. సంయుక్త బొమ్మల జట్టు. బొమ్మ మీట నొక్కితే ఊపిరి పీలుస్తుంది, దానంతటదే వదులుతుంది. వదలమని దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సంగతి తెలిసి ఇద్దరూ వస్తారు. పురుషోత్తం సార్ చంకలో బొమ్మతో నడిచి వస్తారు. జహనారా మేడం చక్రాల మంచం మీద పడుకుని వస్తారు. రోగుల బట్టల్లో ఉన్న ఆమె శిష్యులు మంచం తోస్తూ, ఇంత మంచి కేసు మళ్ళీ దొరకదని సంబరపడుతుంటారు.

"మా బొమ్మ ఇంతవరకు ఒక్కసారి కూడా పైకి పోలేదు," అంటారు పురుషోత్తం సార్. "అంటే లోపం పద్ధతిలో లేదు."

"మీ బొమ్మకు భార్య లేదు కదా సార్," అంటారు మేడం పడుకునే. "పోయినా మీకెవరు చెప్తారు?"

వాళ్ళు మాట్లాడే ప్రతి మాటకూ గోడలు కాస్త పొడుగవుతాయి. కప్పు పైకి పోతుంది, దానితో పాటే అంజయ్య కూడా. మేడ మీది ఆడవాళ్ళ వార్డు మంచాలతో, టిఫిన్ డబ్బాలతో సహా ఒక పక్కకు జరిగి దారిస్తుంది. ఐలవ్వ భర్త తువ్వాలు పట్టుకుని తల పైకెత్తి నిలబడింది. ఇప్పుడు ఆయన ఆమెకు అరచేయంత కనిపిస్తున్నాడు.

మంచి కేసు. ఇందాక తనూ అలాగే అనుకుంది. ఆ సంగతి గుర్తొచ్చి సంయుక్తకు సిగ్గుతో తల కొట్టేసినట్టవుతుంది.

"మేడం, నన్ను మీ జట్టులో చేర్చుకోండి," అంటుంది.

"మధ్యలో మారితే పోలిక చెడిపోతుందమ్మా," అంటారు పురుషోత్తం సార్.

"చెడిపోనివ్వండి సార్."

జహనారా మేడం మంచం దిగుతారు. సంయుక్త ఎక్కి కూర్చుంటుంది. వీపు మీద స్టెతస్కోపు పెట్టగానే ఉలిక్కిపడుతుంది. అది ఇంత చల్లగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"గట్టిగా ఊపిరి పీల్చు," అంటారు మేడం. అని, అటు తిరిగి సిస్టర్‌తో సెలైన్ సీసాల సంగతి మాట్లాడుకుంటారు. పాఠం అంతే.

సంయుక్త పీలుస్తుంది. ఎదురుచూస్తుంది. ఛాతీ నిండిపోయి చెవులు హోరెత్తుతాయి. అడుగుదామంటే మొహమాటం. డాక్టరుకు తెలియదా, ఇంకాస్త ఆగుదాం అనుకుంటుంది. అలా ఆగుతూ ఉండగానే మంచం కిందనే ఉండిపోతుంది, ఆమె పైకి తేలుతుంది.

ఆమె ఫ్యానును దాటుతుంది. ఆడవాళ్ళ వార్డును దాటుతుంది. ఎవరో పెద్దావిడ మంచం మీంచి వంగి, "పైలం బిడ్డా, పడ్తవ్" అంటుంది. సంయుక్తకు భయం వేయదు. ఇందాకటి ఉత్సాహమే మళ్ళీ ఒళ్ళంతా పాకుతుంది, కాకపోతే ఈసారి దానికి ఒక మనిషి మొహం ఉంది. ఆ మొహం దగ్గరవుతూ ఉంటుంది.

అంజయ్య గౌడ్ నీళ్ళ పైపును కాళ్ళతో చుట్టేసి, నిబ్బరంగా ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. ఆమెను చూసిన ఆ కళ్ళలో కోపం రవ్వంత లేదు. చెప్పినావిడకు తెలుసులే అన్న నమ్మకం మాత్రం ఉంది. కోప్పడి ఉంటే బాగుండుననిపిస్తుంది సంయుక్తకు.

ఆ ఒక్క మాటా అనాలంటే తన ఊపిరి ఖర్చవుతుంది.

"ఆ మాట అంటే పడిపోతావు," అని కింద నుంచి పురుషోత్తం సార్ కేక వేస్తారు. బొమ్మను పక్కన పడేసి, పట్టుకోవడానికి రెండు చేతులూ చాపి ఉన్నారు.

సంయుక్త అంజయ్య వీపు మీద ఇందాకటి చోటనే స్టెతస్కోపు ఆనిస్తుంది. చెవి దగ్గరికి వంగుతుంది.

"వదలండి," అంటుంది.

అంజయ్య గౌడ్ వదులుతాడు. ఆ ఊపిరి వస్తూనే ఉంటుంది. ముంజెల వాసనతో, వెచ్చగా, తెరలన్నిటినీ ఊపేస్తూ కిందికి దిగుతుంది. దాని మీదనే కూర్చుని ఇద్దరూ మంచం దాకా వస్తారు. గోడలు తమ పాత ఎత్తుకు సర్దుకుంటాయి.

"ఇడిసినవా?" అంటుంది ఐలవ్వ, మొగుడి మొహం తుడుస్తూ.

"బిడ్డ అచ్చి చెప్పింది, ఇడిసిన," అని ఆయన దగ్గి, చాయ్ అడుగుతాడు.

"నిమ్ము చేరిందమ్మా, మందులతో తగ్గిపోతుంది," అంటుంది సంయుక్త. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి.

"వినడం మా దగ్గర నేర్చుకున్నదే," అంటారు పురుషోత్తం సార్.

"చెప్పడం మా దగ్గర," అంటారు జహనారా మేడం.

ఆ లెక్క తేలేలోపే తలుపు చట్రం వెడల్పవుతుంది. ఊరి వెనకాల ఉండే గుట్ట, చేతిలో ఓపీ చీటీతో, పక్కకు తిరిగి జాగ్రత్తగా లోపలికి వస్తుంది. స్టూలు మీద కూర్చుంటుంది. క్వారీ దుమ్ముకు దగ్గు పట్టిందట. అటు తిరిగి, వీపు మీది తుప్పలను చొక్కాలా పైకెత్తి పట్టుకుంటుంది. మేస్తున్న మేకలు భుజాల మీదికి జరుగుతాయి.

సార్, మేడం వాదన ఆపి, చేతులు కట్టుకుని సంయుక్త వెనక నిలబడతారు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలాగే. ఆమె స్టెతస్కోపును అరచేతుల్లో రుద్ది వెచ్చబెడుతుంది.

"పీల్చమంటాను, తర్వాత వదలమంటాను," అంటుంది గుట్టతో. "రెండూ నేనే చెప్తాను. ఎక్కడికీ పోను."

గుట్ట తల ఊపుతుంది. కాసిని రాళ్ళు దొర్లుతాయి.

"పీల్చండి."

కిటికీల్లోంచి పిచ్చుకలు, ఆరేసిన చీరలు, బస్టాండులోని కేకలు, రోడ్డు మీది ఎండ వరసగా వచ్చి గుట్టలోకి వెళ్ళిపోతాయి. ఊరు చప్పుడు లేకుండా నిలబడుతుంది. గుట్ట అడుగున, ఏ పుస్తకంలోనూ లేని ఒక పెద్ద ప్రాణి నిద్రలో ఒత్తిగిల్లి, ఏదో చెప్పడం మొదలుపెడుతుంది. ఇంకొక్క క్షణం వినాలని ప్రాణం లాగుతుండగానే సంయుక్త నోరు తెరుస్తుంది.