తాళంచెవి గుర్తు

ట్రేని బోర్లించి వెనకవైపు నోటి ఆవిరి ఊదింది ఆమె. అరిగిపోయిన ముద్ర ఆవిరి పొరలో ఒక్క క్షణం తేలుతుంది, అది ఆరిపోయేలోపే చదివేయాలి. గంట బొమ్మ, పక్కన రెండక్షరాలు.

"నది ఒడ్డు కార్ఖానాది. కింద రాగి. పిడులు తర్వాతెవరో అతికించారు," అంది తల ఎత్తకుండా. షాపాయన చీటీ మీద రాసుకుని దారంతో పిడికి కట్టాడు.

పాత సామాన్ల షాపు వెనకగదిలో ఆమె పని ఇదే. మూతబడ్డ హోటళ్ళ నుంచి, చితికిపోయిన పెద్దిళ్ళ నుంచి వెండిపూత ట్రేలు వస్తాయి. ఎవరు చేశారో, ఎక్కడివో ఆమె చెప్పాలి. అంచు దగ్గర పూత లేచి ఎర్రగా కనిపిస్తే రాగి, పసుపు తేలితే ఇత్తడి. ఎంత రుద్దుకున్నా ఆమె గోళ్ళ అంచుల్లో పాలిష్ మసి పోదు. షాపులో అందరూ ట్రేలక్క అంటారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఈ విద్య ఆమె ముచ్చటపడి నేర్చుకున్నది కాదు. తల్లి పోయాక పంపకాల్లో అన్న ఇల్లు ఉంచుకున్నాడు. "అమ్మ వెండి ట్రే నువ్వు తీసుకోమ్మా. బరువు చూడు, ఎప్పుడైనా అక్కరకొస్తుంది," అన్నాడు. భర్త మంచాన పడ్డప్పుడు ఆ అక్కర రానే వచ్చింది. ట్రే పట్టుకుని ఈ షాపుకే వచ్చింది. షాపాయన వెనక్కి తిప్పి, తాళంచెవి గుర్తు చూసి నిట్టూర్చాడు. ఆ గుర్తు కార్ఖానా ఇత్తడి మీద పూత వేయడమే తప్ప, అచ్చమైన వెండి వస్తువు ఒక్కటీ చేయలేదట. అతనిచ్చింది మందులకు కూడా చాలలేదు. జాలిపడి ట్రేలు తోమే పనిలో పెట్టుకున్నాడు. భర్త దక్కలేదు, పని మిగిలింది.

అన్న తెలిసే అంటగట్టాడని ఆమె నమ్మకం. చెప్పులు కొన్నా పదిసార్లు తిప్పి చూసే మనిషికి ట్రే వెనక ఏముందో తెలియదంటే ఎవరు నమ్ముతారు? అడగడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా, ఎదురుగా కూర్చుని టీ తాగుతూ కాచుకునేది. తప్పయిందమ్మా అని తనంతట తాను ఒక్క మాటంటే చాలు. ఆయన ఎండల గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడేవాడు. చెల్లెలు షాపులో గిన్నెలు తోముతుందనుకునేవాడు. ఆమె కూడా కాదనలేదు. కోపాన్ని మాత్రం ట్రేల కన్నా శ్రద్ధగా తోముకుంటూ వచ్చింది.

మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్యకి అస్సలు బాగాలేదమ్మా. నిన్నే కలవరిస్తున్నారు. నీకేదో ఇవ్వాలట. వెంటనే రా."

"పనిలో ఉన్నా వదినా. అయ్యాక వస్తా."

నిజానికి పని అయిపోయింది. ఇన్నేళ్ళు తను ఆగింది, ఇవాళ కాసేపు ఆయన ఆగితే కొంప మునగదు. ఎవరికీ తొందర లేని పెద్ద ట్రే ఒకటి ముందుకు లాక్కుంది.

"అది రేపు చూడొచ్చుగా అక్కా, వెళ్ళిరా," అన్నాడు షాపాయన.

"రేపు ఇంకోటి వస్తుంది."

నగిషీ సందుల్లో నలుపు పోయేదాకా బ్రష్‌తో తోమింది. గుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచింది. అన్న ఒప్పుకుంటే ఏమనాలో మనసులో వల్లె వేసుకుంది. వల్లె వేసినకొద్దీ ఆ జవాబు పదునెక్కింది.

అన్న ఇంటికి చేరేసరికి గుమ్మం బయట చెప్పులు చాలా ఉన్నాయి. మంచం మీద అన్న కళ్ళు మూసి ఉన్నాయి. గడ్డం ఒకవైపే గీసి ఉంది.

"ఇందాకే పోయారు," అంది వదిన. "తలుపు చప్పుడైతే చాలు, నువ్వేననుకున్నారు."

ఆమెకు ఏడుపు రాలేదు. చెప్పాలనుకున్న జవాబు గొంతులోనే ఉంది.

వదిన అలమారలోంచి తువ్వాలు చుట్టిన ట్రే తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. "నీకివ్వాలన్నది ఇదే. ఇల్లు నాకు, చెల్లికి ఒక్క ట్రేనా అని ఇన్నేళ్ళూ నలిగిపోయారు. అమ్మ ట్రేకి జత దొరికిందని ఎంత సంబరపడ్డారో. వెండి ధర పోసి కొన్నారు. ముందే చెప్పొద్దన్నారు, తన చేత్తో ఇస్తానని."

ఆమె వెనక్కి తిప్పింది. తాళంచెవి గుర్తు ఇంకా చెక్కు చెదరలేదు.

మొదటిది ఇత్తడని తెలిసినవాడు దాని జతకు వెండి ధర పోయడు. అన్నకు ఏమీ తెలియదు. అప్పుడూ తెలియదు, పోయేదాకా తెలియదు. ఇన్నేళ్ళ కోపాన్ని ఇప్పుడు ఎవరి మీద పెట్టాలో ఆమెకు తోచలేదు. మధ్యాహ్నమే బయల్దేరి ఉంటే అన్న చేతి మీదుగా అందుకునేది. ఎందుకు రాలేదని అడిగే మనిషి కూడా లేడు.

"మంచి వెండేనా అమ్మా? షాపులో ఇలాంటివి తోముతుంటావుగా, నీకు తెలుస్తుంది," అంది వదిన.

"వెండే వదినా."

పక్కింటావిడ వచ్చినవాళ్ళకు టీ ఇవ్వడానికి ఏదైనా ఉందా అని చూసి, ఆమె ఒళ్ళోంచి ట్రే తీసుకుంది. ఆమె వద్దనలేదు. అందరూ తాగాక దాన్ని తెచ్చి మంచం పక్క కుర్చీలో పెట్టారు. ఖాళీ గ్లాసులు ఎవరో తీసుకుపోయారు, వాటి అడుగుల తడి గుండ్రాలు ట్రే మీద ఒకదాని మీదొకటి ఆరుతున్నాయి.