నాలుగింటికి వచ్చే నీళ్లు

రోజూ సాయంత్రం నాలుగింటికి సముద్రం ఆ సందులోకి వచ్చేది. మూడున్నర దాటగానే ఎదురింటి దర్జీ కుట్టుమిషను కాళ్ల కింద రెండేసి ఇటుకలు దూర్చేవాడు. మూలనున్న పుస్తకాల కొట్టాయన కింది అరను ఖాళీ చేసి పై అరలోకి సర్దేవాడు. వాకిళ్లలోని చెప్పులన్నీ గూళ్లలోకి ఎక్కేవి. నీళ్లు తోసుకుంటూ వచ్చేవి కావు. ఇల్లు తెలిసిన చుట్టంలా మలుపు తిరిగి, నేరుగా అన్నాచెల్లెళ్ల కార్ఖానాలోకి వెళ్లి, నడుంలోతున నిలబడేవి. అరగంట ఉండి వచ్చిన దారినే పోయేవి.

ఆ కార్ఖానాలో చెక్క పలకలు చేసేవారు. అలల మీద జారే సర్ఫ్ పలకలు, నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్లే పొడుగాటి పలకలు. లోపలంతా డొల్ల. చేపకి ఉన్నట్టే మధ్యన ఒక వెన్ను, అటూ ఇటూ పల్చటి ఎముకలు, వాటి మీద జిగురుతో అతికించిన దేవదారు బద్దలు. ఆరాక చిత్రిక పడితే చెంప నిమిరినంత నునుపు తేలేది. ఎక్కడైనా సూదిమొనంత సందు మిగిలిందా అన్నది మాత్రం నీళ్లే చెప్పాలి. నాలుగింటికి పలకను ముంచి పట్టుకుంటే, సందున్న చోట బుడగలు లేచేవి.

పనంతా చెల్లెలిది. నలభై ఆరేళ్ల మనిషి. చేతిలో చిత్రిక లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి వీధి వీధంతా ఆమెని చిత్రికమ్మ అనేది. మాటలన్నీ అన్నయ్యవి. "ఒక్కసారి ఎక్కి చూడండి, కాళ్ల కింద పలక ఉందన్న సంగతే మర్చిపోతారు" అని వచ్చినవాళ్లకి చెప్పేవాడు. అతను జన్మలో పలకెక్కింది లేదు. ఆమె కూడా ఎక్కలేదు. సముద్రమే ఇంటికొస్తుంటే, అక్కడిదాకా పోవాల్సిన పనేముంది?

అన్నయ్య నీళ్లతో కూడా మాట్లాడేవాడు. "రావమ్మా రా, కాళ్లు కడుక్కుని మరీ రా" అని గుమ్మంలో నిలబడి పిలిచేవాడు. "ఇవాళ ఆలస్యమైందేం? దారిలో ఎవరు ఆపారు?" నీళ్లు గలగలమనేవి. ఆమెకి నవ్వొచ్చేది. తను మాత్రం ఎన్నడూ వాటితో ఒక్క మాటన్నది లేదు. వచ్చాయి, పని చూసుకుందాం, అంతే.

ఒకరోజు పొద్దున్నే ఈత నేర్పే టీచరుగారు పగిలిన తెడ్డు పలకొకటి మోసుకొచ్చింది.

"పెద్ద రోడ్డు మీది పలకల కంపెనీ సరుకండీ. కొని రెండు నెలలు కాలేదు, నిట్టనిలువునా చీలింది. మీ దగ్గరే కొనాల్సింది, బుద్ధి తక్కువై అక్కడ కొన్నాను. బాగవుతుందా?"

"విప్పి చూస్తే గానీ చెప్పలేను" అంది చిత్రికమ్మ.

పైబద్దలు కోసి ఎత్తి లోపలికి చూసింది. చూస్తూ ఉండిపోయింది. లోపలున్నవి తన ఎముకలు. పన్నెండేళ్ల కిందట ఆ ఒంపులు కుదిరేదాకా ఎన్ని కాగితాలు చించిందో ఆమెకే తెలుసు. పోనీ, ఎవరో పలక కొని విప్పి చూసుకున్నారేమో అనుకుంది. అంతలో ఏడో ఎముక కనిపించింది.

బరువు తగ్గడానికి ప్రతి ఎముకలోనూ ఒక రంధ్రం తొలుస్తారు. ఏడోదాన్లో ఆ రంధ్రం అంచుకి మరీ దగ్గరగా గీసింది తను. ఆ గీత ప్రకారం మొదటి పలక చేసేటప్పుడే తప్పు తెలిసి, దాన్ని తొలవడం మానేసింది. కాగితం మీద దిద్దలేదు, తన కోసం గీసుకున్నదే కదా అని. తన చేతి నుంచి వెళ్లిన ఏ పలకలోనూ ఆ రంధ్రం లేదు. కాగితం ఒక్కటే ఉంది, అన్నయ్య బీరువాలో, రేకు గొట్టంలో. ఈ కంపెనీ పలకలో రంధ్రం గీసిన చోటే ఉంది. చీలిక అక్కణ్ణుంచే మొదలైంది.

"రెండు వారాలు పడుతుంది టీచరుగారూ" అని మాత్రం అంది.

మధ్యాహ్నం భోంచేస్తున్న అన్నయ్య కంచం పక్కన ఆ ఎముక పెట్టింది. అతను దాన్ని చూశాడు. ఇదేంటనీ అడగలేదు, ఎక్కడిదనీ అడగలేదు. నోట్లో ముద్ద చాలాసేపు నమిలాడు.

"ఎన్నాళ్లయింది?" అందామె.

"ఏడాది."

ఆమె పీట మీద కూలబడింది. ఏడాదిగా ఈ మనిషి రోజూ ఎదురుగా కూర్చుని తిన్నాడు. జ్వరమొస్తే మందు తెచ్చిపెట్టాడు. జిగురు ఆరిందా అని అడిగాడు.

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"రోజూ చెబుదామనే అనుకున్నానే. ఇంతలో నాలుగయ్యేది, నీళ్లొచ్చేసేవి."

"నీళ్ల మీదకి నెట్టకు."

"అయినా కాగితమే కదా ఇచ్చాను, నీ చేతులివ్వలేదుగా!" అతని గొంతు లేచి, మళ్లీ తగ్గింది. "కంపెనీవాళ్లు నన్ను డిజైనరుగా వచ్చెయ్యమంటున్నారు. ఆ పలకలు నా పేరు మీదే తీశారు."

"నీ పేరు మీద."

"నీ పేరే చెబుదామనుకున్నాను. ఎవరు గీశారని వాళ్లు అడిగేసరికి నా నోట నా పేరే వచ్చింది. ఒకసారి వచ్చాక ఎలా మార్చను చెప్పు?"

ఆ ఒక్క మాట నిజమని ఆమెకి తెలిసిపోయింది. అబద్ధమైతే తిట్టి ఊరుకునేది.

మూడో రోజు పొద్దున వ్యానొచ్చింది. అన్నయ్య పెట్టెలు ఎక్కించుకుని, "వెళ్లొస్తానే" అని గుమ్మంలోంచి రెండుసార్లన్నాడు. ఆమె చిత్రిక ఆపలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి నీళ్లొచ్చాయి. గుమ్మం దాకా వచ్చి ఆగాయి. లోపల చిత్రికమ్మ పలక పట్టుకుని నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలని అనిపించింది కానీ, ఏమనాలో తోచలేదు. నీళ్లు కాసేపు చూసి, గడప తడపకుండానే వెనక్కి తిరిగాయి. మర్నాడు రానేలేదు.

"రేపొస్తాయిలే అమ్మా" అన్నాడు దర్జీ. వారమయ్యాక అతనూ మిషను కింది ఇటుకలు తీసేశాడు.

పలక కోసం వచ్చిన టీచరుగారు అసలు సంగతి చెప్పింది. "మీ నీళ్లు ఇప్పుడు కంపెనీకి వెళ్తున్నాయండీ. పెద్ద రోడ్డు మీదుగా పోతుంటే నేనే చూశాను. పాపం, బస్సులకి అడ్డం రాకుండా ఎడమ పక్కనే పోతున్నాయి. మీ అన్నయ్యగారు గేటు దగ్గర నిలబడి పిలుస్తుంటారట."

అన్నయ్య వెళ్లిన రోజు రాని ఏడుపు ఆమెకి ఇప్పుడొచ్చింది. ఇరవై ఏళ్లు ఈ చేతులతో పలకలు ముంచి పట్టుకుంది. ఆ నీళ్లకి కావలసింది మాత్రం పలకరింపు.

టీచరుగారు కంగారుపడి, "నా పలక తర్వాత చూద్దాం లెండి" అంది.

"పలక అయిపోయింది. బుడగలు చూడాలంతే." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "అటువైపు పట్టండి."

ఇద్దరూ పలకని చెరోవైపు పట్టుకుని ఊళ్లోంచి నడిచారు. సముద్రం ఇరవై నిమిషాల దూరం. చిత్రికమ్మ ఆ దారి తొక్కి ఏళ్లయింది. అక్కడ నీళ్లు ఎన్ని ఉంటాయో ఆమె మర్చేపోయింది. నడుంలోతుకి వెళ్లి పలకని ముంచింది. ఒక్క బుడగ లేవలేదు.

"ఎక్కండి" అంది టీచరుగారు.

"నేనా?"

"మీరు బాగుచేసిందేగా. ముందు మోకాళ్ల మీద. ఆ... ఇప్పుడు లేవండి. కాళ్ల వంక చూడకండి, దూరంగా చూడండి!"

పడింది. ఉప్పునీళ్లు ఉమ్మేసి మళ్లీ ఎక్కింది. ఐదోసారి నిలబడింది. అరిపాదాల కింద ఎముకలన్నీ ఒక్కొక్కటిగా తెలిశాయి. పక్కలు మరో వేలెడు వెడల్పుంటే బాగుండేది, మొన ఇంకాస్త లేవాల్సింది. ఇన్నేళ్లూ అరచేతులకి తెలియని సంగతులు. కోపం తగ్గలేదు. అది అలాగే ఉండగా, ఒక కొత్త పలక మాత్రం తలలో తయారవడం మొదలైంది.

నెల తిరక్కుండా ఆమె సందులో కార్ఖానా ఖాళీ చేసి ఒడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుంది. చేసిన ప్రతి పలకా తనే ఎక్కి చూసేది. కొనేవాళ్లతో అట్టే మాట్లాడేది కాదు. తెడ్డు చేతికిచ్చి పలకని నీళ్లలోకి తోసేది.

మూడో నెలలో అన్నయ్య వచ్చాడు. ఇసకలో బూట్లు కూరుకుపోతుంటే కాళ్లీడ్చుకుంటూ వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు.

"బాగున్నావా?"

"ఊఁ."

"నీళ్లు రోజూ వస్తున్నాయి. బాగానే ఉంటున్నాయి." ఇసకలోంచి బూటు లాక్కున్నాడు. "కంపెనీలో చిత్రిక పట్టడం నేర్పేవాళ్లు లేరే. నువ్వొస్తే..."

"చేతులు కూడా ఇచ్చేద్దామనా?"

అతను తలొంచుకున్నాడు. అలా నిలబడితే అచ్చం నాన్నలా ఉన్నాడని ఆమెకి అనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్లు మండింది.

"పోనీ, ఒక్కసారి ఎక్కించవే" అన్నాడు చివరికి. "అందరికీ చెబుతుంటానుగా, ఎలా ఉంటుందో."

ఆమె కొత్త పలక తీసింది. అతన్ని దాని మీద కూర్చోబెట్టి, తెడ్డు చేతికిచ్చి, బలంగా ఒక్క తోపు తోసింది. పలక సాఫీగా దూరం పోయి, మెల్లగా అడ్డం తిరిగి ఆగింది. అన్నయ్య రెండు చేతులా అంచులు పట్టుకున్నాడు. తెడ్డు జారి నీళ్లలో తేలింది.

"దిగడమెలాగే?" అని అరిచాడు. "ఒసే! ఇక్కడ లోతెంత?"

అతనున్న చోట నీళ్లు ఛాతీ దాకానే. దిగి నడిచి రావచ్చు.

ఆమె షెడ్డులోకి వచ్చి చిత్రిక అందుకుంది.