పిల్లగాన్ని అడగబోయిన రోజు

శనివారం పొద్దుటి నుంచి యామిని కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి గేటు దాకా. గేటు దగ్గర ఏ పనీ లేదు కనక మళ్లీ వంటింట్లోకి. తల్లి లక్ష్మీబాయి బియ్యం ఏరుతూ చాలాసేపు ఓర్చుకుంది.

“కూసోరాదే బిడ్డా. నా కండ్లు తిరుగుతున్నయ్.”

“రేపచ్చెటోళ్లను రావొద్దని చెప్పు, కూసుంట.”

“ఎందుకు చెప్పాలె? నిజామాబాద్ కెల్లి అస్తున్నరు. పిల్లగానికి బ్యాంకుల నౌకరి.”

ఎందుకో లక్ష్మీబాయికి తెలియక కాదు. అమోల్ సంగతి కూతురు పోయిన వారమే చెప్పింది. రెండు గల్లీల అవతల ఉండే, యామిని ఆంటీ అన్నట్టు ‘కాకూ’ అని పిలిచే సుందరాబాయి కొడుకు అమోల్, రైల్వేలో టికెట్లిచ్చే క్లర్కు. డిపార్ట్‌మెంటు పరీక్ష కోసం యామిని నడిపే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాడు. పరీక్ష ఎప్పుడో పాసయ్యాడు గానీ సాయంత్రాలు రావడం మానలేదు. వచ్చి బోర్డు తుడుస్తాడు, కుర్చీలు సర్దుతాడు, చాయ్ తాగి పోతాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ మనిషికి ఈ నాందేడ్ నుంచి కిన్వట్ బదిలీ అయింది. ఈ సాయంత్రం బండికే ప్రయాణం. రేపు పొద్దున్నే నిజామాబాద్ వాళ్లు దిగుతారు. యామిని చేతిలో ఉన్నది ఈ ఒక్క పగలు.

“నువ్వో, బాపో పోయి సుందరాబాయి కాకును ఒక్కమాట అడుగుండ్రి” అంది.

“ఆడపిల్లోళ్లం మనం. మనమే నోరు దెరిసి అడిగితె పలుచనైతం. కావాలంటె వాళ్లే అస్తరు.”

తండ్రి అనంతరాములు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. గూడ్సు గార్డుగా ఏళ్ల తరబడి పచ్చజెండా ఊపిన చెయ్యి, కూతురి దగ్గరికొచ్చేసరికి పేపరు కూడా దించలేకపోయింది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. పెళ్లి దగ్గర మాత్రం ఆడపిల్ల నోరు మూసుకుంటే అన్నీ వాటంతట అవే విస్తట్లోకి వస్తాయని మన పెద్దల నమ్మకం. యామినికి ఇప్పటిదాకా వచ్చిన సంబంధాల వాళ్లు ఆమెను అడగని ప్రశ్న లేదు. వంటొచ్చా, కళ్లద్దాలు ఎప్పటి నుంచి, మరాఠీ యాస పోతుందా. పెళ్లయ్యాక నీ క్లాసు ఎట్లా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. మానెయ్యాలి అని చెప్పి, అటుకుల పోహాలు తిని వెళ్లారు.

ఆ మధ్యాహ్నం క్లాసులో పాఠం కూడా అదే కావాలా? ‘ఆస్క్’ అనే క్రియ, దాని చుట్టపక్కాలు. యామిని బోర్డు మీద వరసగా రాసింది. ఆస్క్, రిక్వెస్ట్, డిమాండ్, బెగ్. రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. మనకు అన్నిటికీ ‘అడుగుడు’ అంటే సరిపోతుంది గానీ ఇంగ్లీషులో అడిగేవాడి వాలకం కూడా చూడాలని చెప్పింది.

ఆటో నడిపే దేవిదాస్ లేచి, “ఐ రిక్వెస్ట్ డబుల్ భాడా, మేడం” అన్నాడు.

“ఆడ ప్యాసింజర్ కాదంటె ఏం చేస్తవ్?”

“దింపేస్త.”

“అయితె అది రిక్వెస్ట్ కాదు. డిమాండ్.”

క్లాసంతా నవ్వింది. కోచింగ్ పిల్లలకు మెస్సు నడిపే శివవ్వకు మాత్రం ఇంకా అర్థం కాలేదు. “మరి ఆస్క్‌కు, గీ మిగిలినయిటికి ఫరక్ ఏంది మేడం?”

యామిని కిటికీలోంచి రోడ్డు చూస్తూ, నోటికొచ్చిన పాఠం కాబట్టి ఆలోచించకుండా చెప్పింది. “డిమాండ్ చేసెటోడు కాదంటె ఇనడు. బెగ్ చేసెటోడు కాదంటె కాళ్లు పట్టుకుంటడు. రిక్వెస్ట్ అంటె మర్యాద ఎక్కువ చూపిస్తం. ఆస్క్ అంటె ఉత్తగ అడుగుడు. అవునన్నా, కాదన్నా ఇనెటందుకు తయారుండాలె.”

చెప్పి అక్కడే ఆగిపోయింది. ఎన్నో బ్యాచ్‌లకు చెప్పిన ముక్క ఇవాళ తనకే తగిలింది. పలచనవుతామని అమ్మ భయపడుతోంది, సరే. తన భయం మాత్రం ఏమన్నా వేరా? కాదంటాడేమో అన్న భయంతోనే గదా అడిగే పని అమ్మానాన్నల నెత్తిన పెట్టి, వాళ్లు కదలడం లేదని పొద్దుటి నుంచి రుసరుసలాడుతోంది. సిగ్గేసింది. క్లాసు తొందరగా వదిలేసి చెప్పులేసుకుంది.

ఆ ప్రాంతంలో పిల్లనడగబోయేవాళ్లు ఉత్తచేతులతో పోరు. చక్కెర పొట్లం, ఎండుకొబ్బరి కుడుకలు పట్టుకుపోతారు. యామినికి పద్ధతి మీద కోపముంది గానీ పద్ధతి తెలియని మనిషి కాదు. సంగన్న కిరాణా కొట్లో రెండూ అడిగింది.

“ఎవరింటికి బిడ్డా, పిల్లనడుగనీకా?”

“పిల్లగాన్ని.”

సంగన్న చుడుతున్న దారం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. పొట్లం విప్పి ఇంకో కుడుక వేసి, “ఇది నా దిక్కు కెల్లి” అన్నాడు.

గల్లీ మలుపు దాకా పోయి యామిని వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి మళ్లీ ముందుకు తిరిగింది. అరుగు మీద కూరగాయలు తరుగుతున్న ఆవిడ వింతగా చూస్తోంటే, ఆ చూపు తప్పించుకోవడానికైనా నడవక తప్పలేదు.

సుందరాబాయి కొడుకు కోసం జొన్నరొట్టెలు గుడ్డలో చుడుతోంది. లోపలి గదిలో ఎవరో ట్రంకుపెట్టె జరుపుతున్న చప్పుడు. యామిని పొట్లం ఆమె ముందు పెట్టింది. దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

“అమోల్‌ను అడుగనీకచ్చిన కాకూ. నాకియ్యుండ్రి.”

సుందరాబాయి పొట్లం చూసింది. యామిని వెనక ఖాళీ గుమ్మం చూసింది. “పెద్దోళ్లెవరు రాలేదా?”

“రామన్నరు.”

ఆమె రొట్టెల మూట ముడి వేసి పక్కన పెట్టింది. “నన్నడుగుతున్నవు. వాన్నడిగినవా?”

అమ్మను అడిగింది. బాపును బతిమాలింది. మాహూర్ రేణుకమ్మకు మొక్కింది. ఏడాదిగా ఎదురుగా కూర్చుని చాయ్ తాగిన మనిషిని మాత్రం అడగలేదు. తనను చూడవచ్చినవాళ్లు, తను అక్కడే కూర్చుని ఉండగా అమ్మతో బాపుతో ఖాయం చేసుకోబోతుంటే ఒళ్లు మండేది. ఇప్పుడు తాను చేసింది అచ్చంగా అదే.

“లేదు కాకూ.”

“లోపట్నే ఉన్నడు. చెవుడేం లేదు.”

చెవుడు లేదని అమోల్ మొహమే చెబుతోంది. పెట్టెకు కట్టే తాడు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి యామిని వెనక్కి తిరగలేదు.

“అమోల్, నన్ను చేసుకుంటవా? ఇష్టం లేకుంటె లేదని చెప్పు. ఇంట.”

అతను చేతిలో తాడు గుమ్మం పక్కన పెట్టాడు. తర్వాత, “నేను కిన్వట్ల ఉంటగదా. నీ క్లాసు ఏమైతది?” అన్నాడు.

ఇంకేముంది, వీడూ ఆ తానులో ముక్కే అనుకుంది యామిని. “క్లాసు ఇడువ” అంది గట్టిగా.

“ఇడువుమంటలేను. అడుగుతున్న.” పొడుగు మాటలు అలవాటు లేని అమోల్ ఒక్కొక్క మాటే కూడదీసుకున్నాడు. “నువ్వీడ్నే ఉండు. సెలవు దొరికినప్పుడల్లా నేనే అస్త. మల్లా నాందేడ్‌కు బదిలీ అయ్యేదాక గిట్లనే. నీకు నడుస్తదా?”

నడుస్తదా. ఈ ఊళ్లో సరేనా అనడానికి రోజుకు నూరుసార్లు వినపడే మాటే. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, చిల్లర లేనప్పుడు. ఆమె పెళ్లి మాటల్లో మాత్రం ఎవరూ ఎన్నడూ ఆమెను అడిగింది లేదు. యామిని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“నడుస్తది” అంది.

సుందరాబాయి పొట్లం విప్పి ఇద్దరి నోట్లో చక్కెర పోసింది. “నువ్వెన్నడు అడుగుదామనుకున్నవురా?”

“కిన్వట్ పోయినంక ఫోన్ చేసి…”

“అప్పటికి దీని లగ్నం అన్నం తినొచ్చెటోనివి.” ఆమె పీట ముందుకు జరిపింది. “నువ్వు కూసో బిడ్డా. చాయ్ పెడుత. మీ అమ్మ కాడికి ఇప్పుడు నేనే అస్త, అడుగనీకి.”

పొద్దుటి నుంచి మొదటిసారి యామిని కూర్చుంది.