పిడికిలంత సందు

మా అత్తగారి మీద నాకో ఫిర్యాదు ఉంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆవిడ ఉన్న ఇంట్లో కొన్న బట్ట కొన్నట్టు ఉండదు. దుకాణంలో అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని తెచ్చుకున్న గౌను సాయంత్రానికల్లా ఆవిడ మిషను మీద ఉంటుంది. "చంకల దగ్గర వదులుగా ఉందమ్మాయ్, చూడలేకపోయాను" అంటారు. ఆవిడ చూడలేకపోయినవి మా ఇంట్లో చాలానే ఉన్నాయి: కర్టెన్లు, దిండు గలేబులు, మా ఆయన ప్యాంట్లు. ఓసారి ఇంటికొచ్చిన చుట్టం చొక్కా కూడా, ఆయన స్నానం ముగించి వచ్చేలోపు. బట్టలు కుట్టి కొడుకుని చదివించిన చెయ్యి అది. కుట్టు దుకాణం మూసేశారు గానీ చెయ్యి ఊరుకోదు.

న్యాయంగా చెప్పాలంటే, మా అమ్మాయి వెన్ను వంకరగా ఉందని మొదట కనిపెట్టింది కూడా ఆ చెయ్యే. దానికి ఎనిమిదేళ్లు. ఇంట్లో అందరం పిడుగు అంటాం, అది వచ్చే వేళా వచ్చే చప్పుడూ చూసి. స్కూలు యూనిఫారానికి కొలతలు తీస్తూ అత్తగారు టేపు వేసిందే వేస్తున్నారు.

"నిటారుగా నిలబడవే."

"నిలబడ్డానుగా నానమ్మా."

"మరి కుడి భుజం పైకెందుకు లేచింది?"

"నన్నడుగుతావేంటి, దాన్నడుగు."

వంటింట్లో నాకు నవ్వొచ్చింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా. దీని కొలత రెండు వైపులా ఒకటి రావడం లేదు" అన్నారు. ఆ గొంతు విని స్టవ్వు ఆర్పేసి వెళ్లాను.

తర్వాత ఎక్స్‌రే, ఎముకల డాక్టరమ్మ, ఆవిడ గదిలో వెలుగుతున్న ఫిల్ము. అందులో మా పిడుగు వెన్నెముక నడిమధ్య పక్కకి జరిగి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది.

"దీన్ని స్కోలియోసిస్ అంటారు. మీరు ఏదో చెయ్యడం వల్లా రాలేదు, చెయ్యకపోవడం వల్లా రాలేదు" అన్నారు డాక్టరమ్మ. "కాకపోతే పిల్ల ఇంకా చాలా ఎదగాలి. ఎత్తుతో పాటు వంపూ ఎదగకుండా చూడాలి. అందుకే బ్రేస్, ఒంటికి బిగించే కవచంలాంటిది. అది కూడా ఆపలేకపోతే ఆపరేషన్ దాకా వెళ్తాం. అక్కడికి వెళ్లకూడదనే ఇదంతా."

ఆ రోజునుంచి నేను కాలు కాలిన పిల్లినయ్యాను. పిల్లకి జడ వేస్తూ భుజాలు చూస్తాను. అది బూట్లు వేసుకోవడానికి వంగితే వీపు చూస్తాను. చివరికి బస్సు కోసం వరసలో నిలబడ్డ ఊరూపేరూ తెలియని మనుషుల వీపులు కూడా చూడటం మొదలుపెట్టాను. వాళ్లలో సగం మంది నాకు వంకరగానే కనబడ్డారు. ఒకాయన వెనక్కి తిరిగి "ఏమైనా అంటుకుందా అండీ?" అని అడిగాడు కూడా.

బ్రేస్ ఎంచుకోవడానికి నలుగురం కలిసి వెళ్లాం. బ్రేసులు చేసే ఆయన గది సగం ఆసుపత్రిలా, సగం వడ్రంగి కొట్టులా ఉంది. అలమారలో తలలూ చేతులూ లేని సున్నపు మొండేలు, మూల పెద్ద ఓవెను, గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన. ఆయన బల్ల మీద రెండు నమూనాలు పెట్టాడు. ఒకటి మెత్తటిది, సాగే పట్టీలున్న చొక్కాలాంటిది. రెండోది గట్టి ప్లాస్టిక్, చంకల కింద నుంచి తొంటి దాకా తాబేటి డిప్పలా ఉంది.

"డాక్టరు గారు రాసింది గట్టిదే" అన్నాడు. "ఇంత వంపుకి అదే మేలు. పిల్ల అసలు ఓర్చుకోలేకపోతేనే మెత్తదాని సంగతి. వేసుకోకుండా అలమారలో పెడితే ఏదీ పనిచెయ్యదు కదా."

అత్తగారు మెత్తదాన్ని తిరగేసి కుట్టు చూశారు, పట్టీ లాగి చూశారు. "దీని కోత బాగుంది. ఒంటికి అతుక్కుంటుంది. అదేమో డబ్బా. పసిపిల్లని డబ్బాలో పెడతామా?"

"డాక్టరమ్మ రాసింది డబ్బానే అత్తయ్యా."

"ఆవిడ ఎముకలు చదివింది, బట్టలు కాదు."

"ఇది బట్ట కాదు కదా."

"ఒంటిమీద వేసుకునేది బట్ట కాక మరేంటి?"

మా ఆయన వైపు చూశాను. ఆయన సున్నపు మొండేల వైపు చూశారు. మేమిద్దరం మాట్లాడుకుంటున్నప్పుడు ఆయన ఎప్పుడూ అలాంటిదేదో వెతుక్కుంటారు. "మీరిద్దరూ ఒక మాట అనుకోండి. కనిపెట్టింది అమ్మే, పెంచేది నువ్వే" అన్నారు.

"మీరేం చేస్తారు?"

"నేను బండి నడుపుతాను."

ఈలోపు పిడుగు గట్టిదాన్ని తలమీదుగా తగిలించుకుని, పొట్ట దగ్గర వేలి మెటికలతో టకటకా కొట్టి చూసుకుంది. "ఇదే కావాలి. మా బెంచీలో వాడు గిల్లితే ఇక గిల్లుకోనీ" అంది. అలా నిర్ణయమైపోయింది. నేను గెలిచానని లోపల మురిసిపోయాను, గెలిపించింది బెంచీలో వాడని తెలిసినా.

ఒంటికి అచ్చు తీసుకుని, కొన్నాళ్లకు దాని బ్రేసు తయారయ్యాక మళ్లీ పిలిచాడు. వేసి, పట్టీలు బిగించి, ఎంతవరకు లాగాలో పెన్నుతో గీత గీశాడు. లోపల కుడివైపు పక్కటెముకల దగ్గర ఒక గట్టి మెత్త ఉంది. దానికి ఎదురుగా ఎడమవైపు మాత్రం పిల్ల ఒంటికీ ప్లాస్టిక్కుకీ మధ్య ఖాళీ. అత్తగారు తన పిడికిలి ఆ సందులో పెట్టి చూశారు. పట్టింది.

"ఇక్కడ వదులైంది నాయనా."

"వదులు కాదండీ, కావాలనే వదిలాను. అటునుంచి మెత్త నొక్కుతుంది. వెన్ను ఇటు జరగడానికి చోటుండాలి కదా. వేసుకోగా వేసుకోగా ఒళ్లు ఈ ఖాళీలోకి వస్తుంది."

అత్తగారు పిడికిలి వెనక్కి తీసుకున్నారు. బండెక్కాక మాట్లాడారు. "వేసుకోగా వేసుకోగా సర్దుకుంటుందిట. కోత చెడిన ప్రతి చొక్కాకీ నేను చెప్పిన మాటే అది. ఆ మాట ఎందుకు చెబుతారో నాకు తెలీదా?"

"మీరు చెప్పారని ఆయనా అబద్ధం చెప్పాలా?"

"అబద్ధం అనకు. వృత్తి."

"అత్తయ్యా, ఆ బ్రేసు జోలికి మాత్రం వెళ్లకండి."

"ప్లాస్టిక్కుకి సూది దిగుతుందా ఏమిటి" అన్నారు, కిటికీలోంచి చూస్తూ.

మొదటి వారం పిల్ల ఇల్లు పీకి పందిరేసింది. అది నొక్కుతోందని పిడుగు, అటు తోసేస్తోందని పిడుగు, బడిలో కూర్చోలేకపోతున్నానని పిడుగు. సాయంత్రం విప్పితే పక్కన ఎర్రటి మచ్చ. అది మామూలేనని, కాసేపటికి పోతే భయం లేదని ముందే చెప్పారు. పోయేది కూడా. అయినా అది పోయేదాకా నేను గడియారం వైపూ మచ్చ వైపూ మార్చి మార్చి చూసేదాన్ని. అత్తగారు నా వైపు చూసేవారు. ఏమీ అనకుండానే ఆవిడ అనగలిగినవన్నీ నాకు వినబడేవి.

ఆ తర్వాత ఒక ఉదయం, "లోపలేసే బనీన్లు నేను కుడతాను, ఉతికేదీ నేనే, బ్రేసు వేసేదీ విప్పేదీ నేనే. నువ్వు అన్నం డబ్బాలు సర్దుకో" అన్నారు. బ్రేసు కింద అతుకుల్లేని నూలు బనీను వేయమని చెప్పారు కదా, అవే కాబోలనుకున్నాను. ఇల్లు సద్దుమణిగింది. పిడుగు ఏడుపు మానేసి బడికి పోతోంది, ఆడుతోంది. పట్టీ గీత దాకా రావడం లేదేమని ఒకటి రెండుసార్లు నేనే అడిగాను. "ఒళ్లు చేసింది" అన్నారు అత్తగారు. పిల్ల ఒళ్లు చేసిందంటే కాదనే తల్లి ఎక్కడుంటుంది? పొంగిపోయాను. అయినా మనసు మాత్రం కుదురుగా లేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ మధ్యలో లేచి, ఎందుకు లేచానో మర్చిపోయి, మళ్లీ కూర్చునేదాన్ని.

నెల తిరిగాక బ్రేసు ఉండగానే ఎక్స్‌రే తీయించుకుని డాక్టరమ్మ దగ్గరకి వెళ్లాం. బ్రేసు చేసే ఆయన్ని కూడా పిలిపించారు. ఆవిడ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. నాకు చదువు చెప్పిన వాళ్లెవరూ ఎక్స్‌రే చదవడం నేర్పలేదు. కానీ రెండు బొమ్మలూ ఒకటేనని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"బ్రేసులో ఉన్నప్పుడైనా వంపు కొంత తగ్గాలి. ఏమీ తగ్గలేదు" అన్నారు. "రోజూ వేస్తున్నారా?"

"వేస్తున్నామండీ. బడికి కూడా."

బ్రేసు చేసే ఆయన వంగి పట్టీ చూశాడు. గీతకి రెండు వేళ్ల ముందే ఆగిపోయింది. ఆయన ముఖం వాడిపోయింది. "కొలత నేనే తప్పు తీసి ఉంటాను మేడమ్. మళ్లీ అచ్చు తీస్తాను."

"అచ్చొక్కటే కాదు. వెన్ను మనం అనుకున్నదానికన్నా బిగుసుకుపోయి ఉండొచ్చు. అలా అయితే ఇది చాలదు, మెడ దాకా వచ్చే పెద్దది వెయ్యాలి. దానికీ లొంగకపోతే ఆపరేషన్ గురించి ముందుగానే మాట్లాడుకోవాల్సి ఉంటుంది."

మా ఆయన ఈసారి చూడటానికి ఏమీ వెతుక్కోలేదు. నా చెయ్యి పట్టుకున్నారు.

"మెడ దాకా అంటే" అంది పిడుగు, "ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరగలేనా?"

బ్రేసు చేసే ఆయన సంచిలోంచి టేపు తీశాడు.

"టేపు లోపల పెట్టు నాయనా" అన్నారు అత్తగారు.

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"నీ కొలత బాగానే ఉంది. పిల్ల ఒళ్లూ చెయ్యలేదు. అది తొడుక్కున్న బనీనుకి నేను లోపల దూది పెట్టి కుట్టాను. నువ్వు వదిలిన సందు నిండా పెట్టాను. అటు నొక్కే చోట కూడా చుట్టూ పెట్టాను. నా మిషను పెట్టె నిండా అలాంటివే ఉన్నాయి."

దూది ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి, ఆవిడ నోరు విప్పకపోతే ఆ ఫిల్ము చూసి ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

"చెప్పొద్దన్నావుగా నానమ్మా" అంది పిడుగు.

"అన్నానే." అత్తగారు దాని చొక్కా బొత్తాలు విప్పారు, పట్టీలు లాగారు, బ్రేసు తీసి బల్లమీద పెట్టారు. బనీను ఒకవైపు దిండులా ఉబ్బి ఉంది. కుట్టు మాత్రం, చెప్పకూడదు గానీ, చాలా అందంగా ఉంది.

డాక్టరమ్మ ఏదో అనబోయారు. అత్తగారు ఆగమన్నట్టు చెయ్యెత్తి, నా వైపు తిరిగారు. ఇన్నేళ్లలో ఆవిడ నా కళ్లలోకి అంత సూటిగా చూడటం నాకు గుర్తులేదు.

"ముట్టుకోవద్దని నువ్వు చెప్పావు. ఎందుకు వదిలాడో అతనూ చెప్పాడు. నాకన్నా తెలుసా అనుకున్నాను. తప్పు నాది అమ్మాయ్. నేనే తప్పు చేశాను."